కొలాబ్‌కు ఒడ్డు ఒకటి కాదు: జలాశయ విహారంలో నీటిమట్టం పాత్ర

కార్తీకమాసంలో వనభోజనాలకని ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం నుంచి ఎగువ కొలాబ్ జలాశయానికి వెళ్లిన కుటుంబం ఏ చెట్టు కింద చాప పరుచుకుందో, మే నెల సెలవుల్లో చుట్టాలను వెంటబెట్టుకుని మళ్లీ అదే చెట్టు కిందికి వెళ్తే నీళ్లు ఎదురుగా ఉండవు. కార్తీకంలో నాలుగడుగులు వేస్తే కాళ్లు తడిపిన అల, మేలో ఎర్రమట్టి వాలు దిగి, బీటలు వారిన బురద దాటితే గాని అందదు. వానాకాలం తర్వాత నీటి అడుగున ఉండే మొద్దులు, పాత పొలాల గట్లు, ఎప్పటివో రాళ్ల కుప్పలు అప్పుడు ఎండలో బయటపడి కనిపిస్తాయి. చూసేవారికి ఇది ఎండల వల్ల వచ్చిన మార్పులా అనిపిస్తుంది గాని, ఎండ పాత్ర ఇందులో చిన్నది. ఆ నీటిని తోడి వాడుకోవడానికే జలాశయాన్ని కట్టారు. అక్కడ విహరించేవారికి ఎదురయ్యే ప్రమాదాలు, పేరుకునే చెత్త, పడవలవాళ్లకూ జాలర్లకూ మధ్య వచ్చే తగాదాలు, కట్టిన ఏడాదికే పనికిరాకుండా పోయే రేవులు చాలా వరకు ఈ ఒక్క సంగతిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లనే పుడుతున్నాయి.

కొలాబ్ నది దిగువకు సాగి శబరి అనే పేరుతో ప్రవహించి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కోరాపుట్ పీఠభూమి మీద, పట్టణానికి చేరువలో ఈ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట వెనుక నిలిచే నీరు బరిణిపుట్ దగ్గరి విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 80 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లను, మొత్తం 320 మెగావాట్ల సామర్థ్యాన్ని నడిపిస్తుంది. జయపురం చుట్టుపక్కల పొలాలకు సాగునీరు, దమన్‌జోడి అల్యూమినా కర్మాగారానికి నీరు, కోరాపుట్, సునాబెడ పట్టణాలకు తాగునీరు కూడా ఈ జలాశయం నుంచే అందుతాయి. ఈ అవసరాల జాబితాలో మొదట విహారం లేదు. ఉద్యానవనం, పడవ షికారు, సెలవుల జనం తర్వాత వచ్చి చేరాయి. కాబట్టి నీరు ఎప్పుడు ఎంత ఉండాలో నిర్ణయించేటప్పుడు విహారయాత్రికుడి సౌకర్యం లెక్కలోకి రాదు, రావాలని కోరడం కూడా న్యాయం కాదు. విహారమే నీటి లెక్కకు తగ్గట్టు తనను తాను సర్దుకోవాలి.

ఆ లెక్క తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఎగువ కొలాబ్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 858 మీటర్లు. విద్యుదుత్పత్తికి నీరు తీసుకోగల కనీస మట్టం 844 మీటర్లు. రెండింటి మధ్య తేడా 14 మీటర్లు, అంటే ఇంచుమించు నాలుగంతస్తుల మేడంత. మాచ్‌ఖండ్ నదిపై ఉన్న జోలాపుట్ జలాశయంలో ఈ తేడా 65 అడుగులు (2750 నుంచి 2685), అదే నది మీద ఇంకా కిందున్న బలిమెలలో 76 అడుగులు (1516 నుంచి 1440). ఇవన్నీ నిలువు కొలతలు. నేల మీద నడిచే మనిషికి కావలసింది అడ్డం కొలత, అది వాలును బట్టి మారుతుంది. పది అడుగులు నడిస్తే ఒక అడుగు దిగే వాలులో 14 మీటర్ల మట్టం తగ్గితే నీటి అంచు 140 మీటర్లు వెనక్కి పోతుంది. ఇరవైకి ఒకటి చొప్పున దిగే వాలులో 280 మీటర్లు పోతుంది. ఎత్తు తక్కువగా, చదునుగా ఉన్న ఒడ్డు పిల్లలతో కూర్చోవడానికి అనువుగా ఉంటుందని అందరూ ఎంచుకుంటారు గాని, అంచు అన్నిటికన్నా దూరం జరిగేది కూడా ఆ చదునైన ఒడ్డు దగ్గరే.

ఈ జరగడానికి ఒక క్యాలెండర్ ఉంది. జూన్ చివర వానలు పట్టుకున్నాక జలాశయం నిండడం మొదలై, సెప్టెంబరు, అక్టోబరు నాటికి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆపైన విద్యుత్తుకు, రబీ పంటలకు వాడుకునే కొద్దీ దిగుతూ వచ్చి, మళ్లీ వానలు పడే ముందు అడుగంటే స్థితికి వస్తుంది. నిండిన జలాశయం ఎనిమిది నెలల్లో కనీస మట్టానికి దిగిందనుకుంటే సగటున రోజుకు 6 సెంటీమీటర్ల లోపే తగ్గుతుంది. ఒక పూట అక్కడ గడిపి వెళ్లేవారికి ఆ తగ్గుదల కంటికి ఆనదు. ఈ ప్రాంతానికి జనం వచ్చే కాలాలు రెండు. నవంబరు నుంచి జనవరి దాకా తెలుగువారి వనభోజనాలు, ఒడియావారి భోజిలు, కొత్త సంవత్సరం పిక్నిక్కులు కలిసి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మైదానాల ఎండ తాళలేక విజయనగరం, పార్వతీపురం, విశాఖపట్నం వైపు నుంచి సాలూరు ఘాటీ ఎక్కి, సుంకి, పొట్టంగి, సెమిలిగూడ మీదుగా కుటుంబాలు వస్తాయి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది గనుక ఈ దారిన రాకపోకలు, వియ్యాలు కొత్తవి కావు. మొదటి గుంపు చూసేది ఇంచుమించు నిండిన జలాశయాన్ని, రెండో గుంపు చూసేది దిగిపోయిన జలాశయాన్ని. వచ్చిన చోటు ఒకటే అయినా ఈ రెండు గుంపులకు ఎదురయ్యే అపాయాలు వేరు.

వేసవిలో ముందుగా చెప్పుకోవలసింది బురద. నదులు తెచ్చిన సన్నని ఒండ్రు జలాశయం అంచుల్లో పొరలుగా దిగి ఉంటుంది. నీరు వెనక్కి పోయాక పైపొర ఎండి, పెచ్చుగట్టి, పలకలు పలకలుగా బీటలు వారుతుంది. చూపుకు అది ఎండిన చెరువు గర్భంలా ఉంటుంది. పెచ్చు కింద మాత్రం వారాల తరబడి తడి ఆరదు. బరువున్న మనిషి కాలు పెట్టగానే పెచ్చు విరిగి, పిక్క దాకా, ఒక్కోసారి మోకాలి దాకా దిగబడుతుంది. కాలు లాగేకొద్దీ కింద గాలి చొరబడే సందు లేక బురద పట్టుకుంటుంది, రెండో కాలి మీద బరువు వేస్తే అదీ దిగుతుంది. అప్పుడు చేయవలసింది నిలబడి పెనుగులాడడం కాదు. వెనక్కి వాలి కూర్చుని లేదా పడుకుని, బరువును వెడల్పుగా పరిచి, కాలిని అటూఇటూ కదుపుతూ మెల్లగా తీయాలి. పశువులు నీళ్లకు దిగే బాట ఉంటే ఆ బాటనే నడవడం మేలు, ఎందుకంటే రోజూ దిగే గేదెలకు ఆ నేల గట్టితనం అలవాటే.

శీతాకాలంలో అపాయం కనిపించకుండా ఉంటుంది. వేసవిలో బయటపడిన మొద్దులు, పాత బావుల గుంతలు, మట్టి తవ్వుకున్న గోతులు, అసలు నది పారిన లోతైన కోత, అన్నీ ఇప్పుడు నీటి కింద ఉంటాయి. ఈత రానివారు లోతుకు ఈదుకుంటూ పోరు, నడుచుకుంటూనే పోతారు. మోకాలి లోతున నవ్వుతూ నిలబడి ఫొటో దిగుతున్న యువకుడు వెనక్కి ఇంకో రెండడుగులు వేస్తే, అక్కడ పాత పొలం గట్టు అంచు ముగిసి గొయ్యి మొదలవుతుంది. దానికి తోడు కోరాపుట్ పీఠభూమిలో డిసెంబరు చలి. చల్లని నీటిలో హఠాత్తుగా పడిన శరీరం మన ప్రమేయం లేకుండా ఒక్కసారి గట్టిగా ఊపిరి లాగుతుంది. తల మునిగి ఉన్న క్షణంలో ఆ ఊపిరితో పాటు నీరు లోపలికి పోతే బాగా ఈత వచ్చినవారు కూడా కేక వేయలేరు. మునుగుతున్న మనిషి సాధారణంగా చేతులూపుతూ అరవడు. తల నీటి అంచుకు వాలి, నోరు మునుగుతూ తేలుతూ, నిశ్శబ్దంగా ఉంటాడు. ఒడ్డున పాటలు పెట్టుకున్నవారికి అది ఆటలాగే కనిపిస్తుంది. ముందే మద్యం తాగి ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి చోట ఒకరు పోతే వారిని కాపాడబోయి మరొకరు, వారి వెనుక మూడోవారు పోవడం తెలుగు పత్రికలు చదివేవారికి బాధాకరంగా అలవాటైన వార్త. దీన్ని ఆపడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. విహారానికి వచ్చే ప్రతి బృందం వెంట 20 లీటర్ల నీళ్ల క్యాను ఒకటి ఉంటుంది. మధ్యాహ్నానికి అది ఖాళీ అవుతుంది. మూత గట్టిగా బిగించిన ఖాళీ క్యాను ఇంచుమించు 20 కిలోల బరువును తేల్చగలదు. నీటిలో మునిగి ఉన్న మనిషి తలను పైకి ఉంచడానికి కావలసింది అందులో సగమైనా ఉండదు. క్యాను పిడికి గాని మెడకు గాని తాడు కట్టి విసిరితే, ఒడ్డు మీది మనిషి నీళ్లలో దిగకుండానే మునుగుతున్నవారిని లాగవచ్చు. తాడు లేకపోతే రెండు చీరలు ముడివేసినా పనికొస్తుంది. వంట సామాను దించుకున్న వెంటనే ఒక తాడు, ఒక క్యాను పక్కన పెట్టుకోవడం అగ్గిపెట్టె ఎక్కడుందో చూసుకున్నంత మామూలు పనిగా మారాలి.

ఆనకట్టకు ఎగువన నీటిమట్టం మెల్లగా మారుతుంది గాని, దిగువన నిమిషాల్లో మారుతుంది. ఈ తేడా తెలియకపోవడం ప్రాణాంతకం. నీటిని సొరంగాల గుండా వేరేచోటి విద్యుత్ కేంద్రానికి మళ్లించే ప్రాజెక్టుల్లో ఆనకట్ట కిందున్న నదీగర్భం ఏడాదిలో ఎక్కువ కాలం ఎండినట్టు ఉంటుంది. నున్నటి బండలు, మధ్యమధ్య చిన్న మడుగులు, నీడ. కూర్చోవడానికి అంతకన్నా చక్కని చోటు కనిపించదు. గేట్లు ఎత్తిన రోజున ఆ నేలంతా నదే. విద్యుత్ కేంద్రం నుంచి నీరు బయటికి వచ్చే కాలువ సంగతి మరీ నమ్మరానిది, ఎందుకంటే సాయంత్రం విద్యుత్తు వాడకం పెరగగానే యూనిట్లు వెంటవెంటనే మొదలవుతాయి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువనున్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. కొద్ది నిమిషాల ముందు వారు నడిచి వెళ్లిన దారిలో తిరిగి రావడానికి నేల మిగల్లేదు. సైరన్ మోగుతుందన్న నమ్మకం మీద నదీగర్భంలో వంట పెట్టుకోవడం తగదు. సైరన్ శబ్దం జలపాతం హోరులో, స్పీకర్ల హోరులో కలిసిపోవచ్చు.

ఇక పడవలు. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి జలాశయంలో విహార పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి పాపికొండలకు బయలుదేరిన పర్యాటకులు పదుల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. మొదటి ఘటన నిలకడ నీటిలో జరిగింది, రెండోది వరద సుడిలో జరిగింది. కాబట్టి నీరు ప్రశాంతంగా ఉంది గనుక భయం లేదనడం కుదరదు. పడవ నిలకడ దాని బరువు ఎంత కిందుగా ఉందన్న దానిపై ఆధారపడుతుంది. కూర్చున్న నలభై మంది ఒక్కసారి లేచి, కొంగల గుంపును చూడడానికి ఒక పక్కకు జరిగితే బరువు పైకీ పక్కకూ పోతుంది. రెండంతస్తుల పడవలో పైఅంతస్తు మీద నిలబడేవారి వల్ల ఈ ప్రభావం రెట్టింపవుతుంది. జలాశయం వెడల్పు ఎంత ఎక్కువైతే గాలికి అల లేపే దూరం అంత దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఉరుములతో వచ్చే గాలివాన ముందు పది నిమిషాల్లో నీరు తిరగబడుతుంది. అందువల్ల వేసవిలో మధ్యాహ్నం దాటాక పెద్ద నీటి మధ్యకు పడవలు పంపకపోవడమే సరైన పద్ధతి.

లైఫ్ జాకెట్ల విషయంలో ఉన్నాయా లేవా అన్న ప్రశ్న దగ్గరే తనిఖీలు ఆగిపోతుంటాయి. అడగవలసింది అవి ఎలా వేసుకున్నారని. పెద్దవారి జాకెట్టును ఎనిమిదేళ్ల పిల్లకు తొడిగి, నడుము దగ్గర ఒక్క బకిల్ పెట్టి పంపిస్తే, నీళ్లలో పడగానే జాకెట్టు పైకి తేలి చెవుల దాకా వస్తుంది, పిల్ల దాని కిందికి జారుతుంది. పరీక్ష చాలా సులువు: జాకెట్టు భుజాలు రెండూ పట్టుకుని పైకి ఎత్తాలి. అది గడ్డం దాటి పైకి వస్తే ఆ జాకెట్టు ఆ పిల్లకు పనికిరాదు. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. రోజంతా తడిసి, రాత్రి ముద్దగా కుప్పపోసిన జాకెట్లలో నురగ నలిగి తేలే శక్తి పోతుంది గనుక ఆరేసి, ఏడాదికొకసారి బరువు కట్టి నీటిలో పరీక్షించాలి. ఫొటో కోసం జాకెట్టు విప్పిన ప్రయాణికుడి దగ్గర సిబ్బంది మొహమాటపడకూడదు. పడవ ఆపి, వేసుకున్నాకే కదలాలి.

చట్టం లేదనడానికి వీల్లేదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి దేశీయ జలనౌకల చట్టం యంత్రపడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా, నడిపేవారికి అర్హతపత్రం తప్పనిసరి చేసింది. యంత్రం లేని నాటు పడవలను స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. 2021లోనే ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. చిక్కంతా ఒడ్డు దగ్గర ఉంది. ఆనకట్ట కట్టడం జలవనరుల శాఖది, నీటి విడుదలలో విద్యుత్ సంస్థ మాట చెల్లుతుంది, చేపలు మత్స్యకార సహకార సంఘాలవి, టిక్కెట్లు పర్యాటక విభాగానివి, చెత్త పంచాయతీది, శవం దొరికితే పోలీసులది. 858కీ 844కీ మధ్య తేలుతూ మునుగుతూ ఉండే ఆ నేలపట్టీ మీద మనిషి కాలు పెట్టినప్పుడు అతని భద్రత ఎవరి బాధ్యతో ఏ బోర్డు మీదా రాసి ఉండదు. జిల్లా యంత్రాంగం ఈ పట్టీకి ఒక్క అధికారిని పేరుపెట్టి బాధ్యుణ్ని చేస్తే తప్ప మిగతా ఏర్పాట్లన్నీ వేరువేరు ఫైళ్లలోనే ఉండిపోతాయి.

చెత్తకూ ఈ పట్టీకీ ఉన్న సంబంధం వేసవిలో విసిరేసిన ఒక విస్తరిని గమనిస్తే తెలుస్తుంది. మేలో నీటి అంచున తిని వదిలేసిన థర్మాకోల్ విస్తరి జూన్ దాకా ఎండకు పెళుసెక్కుతుంది. ఆగస్టులో నీరు పెరిగి దాన్ని తేల్చి, గాలివాటున ఏదో ఒక మూలకు చేర్చి, పూసలు పూసలుగా విరుస్తుంది. ఆ పూసలను ఏరడం ఎవరివల్లా కాదు. కోరాపుట్, సునాబెడ ఇళ్ల కుళాయిలకు వచ్చేది ఈ నీరే. ఒడ్డు పైభాగంలో పెట్టిన చెత్తకుండీలు నవంబరులో పనికొస్తాయి, మేలో జనం 200 మీటర్ల దిగువన కూర్చున్నప్పుడు వాటి దాకా నడిచి ఎవరూ రారు. కుండీలు, మరుగుదొడ్లు, తాగునీటి ట్యాంకు కూడా పూర్తి మట్టానికి పైన శాశ్వతంగా ఒక వరుస, కిందికి జరపగలిగేవి ఒక వరుస ఉండాలి. మరుగుదొడ్ల గుంతలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ 858 మీటర్ల గీతకు దిగువన తవ్వకూడదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు తాగునీటికి, సాగునీటికి ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను తమ పరిధి నుంచి మినహాయించాయి గనుక, గంజాం జిల్లాలోని తంపర సరస్సు వంటి, అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలుగా రాంసర్ గుర్తింపు ఉన్న చోట్లకు దొరికే రక్షణ ఇలాంటి జలాశయాలకు తనంత తాను రాదు.

ఈ నీటి మీద విహారం మొదలుకాక ముందు నుంచీ పడవ నడిపేవారు ఉన్నారు. బలిమెల జలాశయం నిండాక మల్కన్‌గిరి జిల్లాలోని చిత్రకొండ అవతల 151 గ్రామాలు నీటికి అటువైపు చిక్కుకుపోయాయి. 2018 జూలైలో 910 మీటర్ల గురుప్రియ వంతెన ప్రారంభమయ్యేవరకు వారికి ఆసుపత్రి, సంత, రేషను అన్నీ లాంచీ మీదే. కొలాబ్ కింద కూడా వేల కుటుంబాల ఊళ్లు, పొలాలు మునిగాయి. ఏ మూల మొద్దు ఉందో, ఏ లోయలో గాలి తిరుగుతుందో, ఏ నెలలో ఏ గట్టు బయటపడుతుందో తెలిసినవారు వారి పిల్లలే. పడవ షికారు నడిపే గుత్తను ఎక్కడి నుంచో వచ్చిన పెట్టుబడిదారుకు ఇచ్చి, ముంపు గ్రామాల యువకులను టిక్కెట్లు చించే పనికి పెట్టుకోవడం అన్యాయం మాత్రమే కాదు, భద్రత దృష్ట్యా తెలివితక్కువ కూడా. జాలర్ల వలలు రాత్రికి కట్టి తెల్లవారి తీసేవి గనుక, ఉదయం తొమ్మిది లోపు మరపడవలు తిరగకుండా చూస్తే వలలు తెగే తగాదాలో చాలా భాగం తీరిపోతుంది.

రేవుల విషయానికొస్తే, కాంక్రీటు మెట్లు ఒక్క నెలకే సరిపోతాయి, మిగతా పదకొండు నెలలూ అవి నీటికి పైనో కిందో ఉంటాయి. పీపాల మీద తేలే రేవును, ఒడ్డుకు కీలుతో బిగించిన నడకదారిని పెడితే మట్టం ఎటు మారినా పడవ ఎక్కే చోటు నీటితో పాటే లేస్తుంది, దిగుతుంది. ఇప్పటికే కట్టిన మెట్లు ఉన్నచోట వాటినీ వాడుకోవచ్చు. ఒక్కో మెట్టు మీద అది ఎన్ని మీటర్ల మట్టమో, అక్కడి నుంచి ఎంత దూరంలో లోతు మొదలవుతుందో ఒడియాలోనూ తెలుగులోనూ పెద్ద అంకెలతో రాయించాలి. సాలూరు మీదుగా వచ్చేవారిలో ఒడియా చదవగలిగేవారు తక్కువ. ఇక్కడి అడవి ఊళ్ల పెద్దల్లో చాలామందికి రెండు లిపులూ రావు, వారికి బొమ్మ కావాలి. ఆనాటి నీటిమట్టాన్ని ప్రాజెక్టు సిబ్బంది రోజూ ఉదయం ఎలాగూ నమోదు చేస్తారు. ఆ ఒక్క అంకెను గేటు దగ్గరి నల్లబల్ల మీద సుద్దతో రాసి, పక్కనే నిన్నటి అంకె, గత నెల ఇదే తేదీనాటి అంకె కూడా రాస్తే, చాప చంకన పెట్టుకుని లోపలికి వెళ్తున్న కుటుంబం ఈరోజు ఒడ్డు ఎక్కడుందో అక్కడే తెలుసుకుంటుంది.